చేతులు కట్టుకున్న సారు

నరసరావుపేటలో పొద్దున్నే షటిల్ ఆడే మా బ్యాచిలో నన్ను పార్ట్‌నర్‌గా ఎవరూ కోరుకోరు. చీటీలు వేసి తీస్తారు. నా చీటీ వచ్చినాయన ముఖం, అప్పుడే కరెంటు బిల్లు చేతికొచ్చినట్టు ఉంటుంది. నాకు ఆట రాదని కాదు. వయసుకు తగ్గ ఆట, పొట్టకు తగ్గ పరుగు నాకున్నాయి. ఇబ్బంది వేరే. కాక్ నా బ్యాటు అంచుకు తగిలి బయటపడితే, అవతలివాళ్ళు చూడకపోయినా నేను చెయ్యెత్తి "తగిలింది" అంటాను. బ్యాటు నెట్‌కి రాసుకున్నా అంతే. ఇంకొక్క పాయింటుకు గేమ్ మాదే అన్నప్పుడు కూడా అంతే.

బ్యాంకులో పనిచేసే ఒకాయన, చీటీల పుణ్యమా అని తరచూ నాకే దొరుకుతాడు, ఒకరోజు ఓపిక నశించి అడిగాడు. "లాయరు గారూ, మీరు కోర్టులో గూడా ఇట్టాగే చేస్తారా?"

చెయ్యను. కోర్టులో నా క్లయింటు తనంతట తాను చెయ్యెత్తకుండా చూసుకుంటాననే నాకు ఫీజిస్తారు. ఆ పని నేను బాగానే చేస్తానని పేరుంది. గ్రౌండులో అడుగుపెట్టాక మాత్రం ఆ చెయ్యి నాది కాదు. మా డ్రిల్లు సారుది.

మాది గురజాల పక్కన ఒక ఊరు. పేరు చెప్పినా బస్సు కండక్టరుకు తప్ప ఎవరికీ తెలియదు. మా హైస్కూలు గ్రౌండు నల్లరేగడి. వానాకాలంలో కాలు పెడితే చెప్పు మిగలదు, ఎండాకాలంలో నెర్రెల్లో గోళీలు పోతే వెతకడం దండగ. ఆ మధ్యలో మిగిలిన కాలంలో కబడ్డీ ఆడేవాళ్ళం. గీతలు సున్నంతో గీసేవాళ్ళం. పిడుగురాళ్ళ పక్కనే ఉంది గాబట్టి మా వైపు దేనికి కరువున్నా సున్నానికి లేదు.

సారు పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. మెడలో విజిల్ వేలాడేది గానీ, అవుటు చెప్పడానికి దాన్ని ఊదగా నేను చూడలేదు. కబడ్డీ తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. కూతకెళ్ళినవాడు అవతలి జట్టులో ఒకణ్ణి ముట్టుకుని, కూత ఆపకుండా నడిమి గీతకు తిరిగొచ్చేస్తే, ముట్టించుకున్నవాడు అవుటు. తగిలిందా లేదా అన్నది ఎక్కడైనా రిఫరీ చూసి చెప్తాడు. మా గ్రౌండులో మాత్రం తగిలినవాడే చెయ్యెత్తి బయటకు నడవాలి. ఎత్తకపోతే సారు తిట్టడు, కొట్టడు. చేతులు కట్టుకుని, నడికుడి జంక్షన్ నుంచి రావాల్సిన రైలుబండి ఏదో ఆలస్యమైనట్టు అటువైపు చూస్తూ నిలబడతాడు. అంతే, ఆట ఆగిపోయినట్టు. ఎవడెక్కడున్నాడో అక్కడే నిలబడాలి. సారు చేతులు విప్పేదాకా ఎవడూ కదలకూడదు.

ఎండ మీకు తెలిసిందే. రాష్ట్రంలో ఎండలకు పేరుపడ్డ రెంటచింతల మాకు పొరుగు. కాసేపటికి ఎవడో ఒకడు చెయ్యెత్తేవాడు. ఒక్కోసారి తగలనివాడు కూడా ఎత్తేసి చింతచెట్టు కిందికి పోయేవాడు. నిజాయితీలో వడదెబ్బ పాలెంతో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

"నన్నడగమాకండిరా తగిలిందా అని. మీ ఒంటికి తెలుసు. ఒంటినడుగు," అనేవాడు సారు. ఈ మాట మాకు ఎంత ఎక్కిందంటే, పక్క ఊరి జట్లతో ఆడినప్పుడు కూడా మావాళ్ళు టకటకా చేతులెత్తి బయటకు పోయేవాళ్ళు. పక్క ఊళ్ళవాళ్ళు మొదట్లో మమ్మల్ని పిచ్చోళ్ళనుకున్నారు. తర్వాత మాతో మ్యాచులు పెట్టుకోవడానికి తెగ ముచ్చటపడ్డారు.

సారుకు మా ఊళ్ళో అద్దె గది. కాపురం నరసరావుపేటలో. కొడుకు అక్కడే ప్రైవేటు బళ్ళో చదివేవాడు, మా ఊరి బళ్ళో చదువు సరిగ్గా లేదని. ఆ బళ్ళో పంతులు తానే అయినా ఆ సంగతి ఆయనకు బాగా తెలిసినట్టుంది.

నేను సన్నగా ఉండేవాణ్ణి. పట్టుకుంటే జారిపోయేవాణ్ణి. సారు నన్ను కూతకు తయారుచేశాడు. సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక, ఒక్కణ్ణే ఉంచి, గీత మీద నుంచి ఎట్టా దిగాలి, కాలు ఎంత చాపాలి, ఊపిరి ఎక్కడ దాచుకోవాలి అన్నీ చెప్పేవాడు. పదో తరగతి అయిపోయే ఏడాది మా ఇంటికొచ్చి, కౌలుకు మిరప వేసుకుని బతికే మా నాన్న ముందు కూర్చుని, వీడు జిల్లాకు ఆడతాడు, జిల్లాకు ఆడితే గుంటూరులో స్పోర్ట్స్ కోటాలో సీటు, హాస్టలు వస్తాయి, మీకు రూపాయి ఖర్చుండదు అని చెప్పాడు. పరిగెత్తినందుకు కాలేజీలో కూర్చోబెడతారంటే మా నాన్న చానాసేపు నమ్మలేదు. చివరికి సారు మాట మీద నన్ను కాయల కోతకు రమ్మనడం మానేశాడు. ఆ ఏడు మా ఇంట్లో అందరి చేతులూ మండాయి, నావి తప్ప. కాబట్టి ఆ సీటు నా ఒక్కడిది కాదు. ఇంట్లో వాళ్ళంతా దానికి కాయలు కోసిపెట్టారు.

జిల్లా జట్టు సెలెక్షన్లు నరసరావుపేటలో ఒక కాలేజీ గ్రౌండులో జరిగాయి. అప్పటికి పల్నాడు వేరే జిల్లా కాలేదు, మాదీ గుంటూరు జిల్లానే. పొద్దున పూటే చాలామందిని తీసేసుకున్నారు. కూతకు ఒక్క చోటు మిగిలింది. దానికి ఇద్దరం మిగిలాం. ఒకణ్ణి నేను. రెండోవాడు మా సారు కొడుకు.

మధ్యాహ్నం అన్నాల తర్వాత ఇద్దర్నీ చెరో జట్టులో వేసి ఆడించి, ఎవరు నిలబడితే వాళ్ళని తీసుకుందామన్నారు. విజిల్ పట్టుకోవాల్సిన ఒక పీఈటీకి అన్నాలకు ముందే ఎండదెబ్బ కొట్టింది. నేను చూస్తానని మా సారు లేచాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మన సారే గదా అనుకున్నాను. తనవాళ్ళ తగువులో తాను తీర్పరిగా కూర్చోకూడదని లా కాలేజీలో మొదటి ఏడాదే చెప్తారు. అది నేను తర్వాత చదువుకున్నాను. చదివేటప్పుడు పాఠం కొత్తగా అనిపించలేదు.

ఆట చివరికొచ్చింది. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. నేను కూతకెళ్ళాను. సారు కొడుకు ఎడమ మూల కాస్తున్నాడు. నేను కుడివైపు పోతున్నట్టు భుజం తిప్పి, ఎడమకాలు చాపాను. నా బొటనవేలు అతని మోకాలి చిప్పకు తగిలింది. రాసుకుపోవడం కాదు, బాగానే తగిలింది, అతను "అబ్బా" అన్నాడు కూడా. నేను కూత ఆపకుండా వెనక్కొచ్చి గీత దాటి, తిరిగి చూశాను.

అతను చెయ్యెత్తలేదు.

నేను సారు వంక చూశాను. సారు చేతులు కట్టుకుని, రోడ్డు వైపు చూస్తున్నాడు. మా ఊళ్ళో నడికుడి వైపు చూసినట్టే.

నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. అయిపోయింది, ఆట ఆగింది, ఇక వాడు ఎత్తేదాకా ఎవడూ కదలడు, సారు ఉన్నాడు. నేను నిలబడిపోయాను, చెయ్యి అతని వైపు చూపిస్తూ. గ్రౌండు చుట్టూ ఉన్నవాళ్ళు ఏదో అరుస్తున్నారు. వాళ్ళకు మా పద్ధతి తెలియదు పాపం అనుకున్నాను.

సారు కొడుకు కూత అందుకుని మా వైపు వచ్చాడు. పరిగెత్తి కూడా రాలేదు. బస్సులో నిద్రపోతున్నవాణ్ణి నీ ఊరొచ్చింది దిగు అని లేపినట్టు, రెండు వేళ్ళతో నా భుజం మీద ముట్టి, వెనక్కి వెళ్ళిపోయాడు. అప్పుడు మోగింది విజిల్. నన్ను అవుటు చెయ్యడానికి సారు ఊదే విజిల్ ఎట్టా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.

నా చెయ్యి లేచింది. ఒంటినడిగితే తగిలిందనే చెప్పింది మరి.

తర్వాత సారే నన్ను గేటు బయట సోడా బండి దగ్గరకు తీసుకెళ్ళి నిమ్మసోడా ఇప్పించాడు. భుజం మీద చెయ్యేశాడు. వాడికి ముందు తగిలింది సార్ అన్నాను. "నేను చూళ్ళేదురా, ఎండ కళ్ళల్లో పడింది," అన్నాడు. మళ్ళీ అన్నాడు. "సీటు పోయిందని ఏడవమాక. అంతమంది ముందు చెయ్యెత్తావు చూడు. ఆ చెయ్యి నీకుంది. అది చాలు."

నేను సోడా తాగాను. ఆ మాట కూడా తాగాను.

కోడిపందెంలో మోసం జరిగిందని యుద్ధమే చేసుకున్న పల్నాటి సీమ మాది. నేను మాత్రం మాచర్ల బస్సెక్కి ఇంటికొచ్చాను. మా నాన్న నన్ను చూశాడు. "కూత అయిపోయిందిగా, రేపట్నుంచి కోతకి రా," అన్నాడంతే. మరుసటి రోజు సాయంత్రానికి నా చేతులు కూడా మండాయి.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆడదామని చూశాను. కూతకెళ్తే గీత దాటగానే కాళ్ళు ఆగిపోయేవి. వెనక నుంచి ఎవరో భుజం మీద రెండు వేళ్ళు వేయబోతున్నట్టు ఉండేది. ఊపిరి అందేది కాదు. ఇప్పుడైతే దానికి ఏదో పేరు చెప్పి, గది నిండా మొక్కలు పెట్టుకున్న డాక్టరు దగ్గరకు పంపుతారు. అప్పుడు దాని పేరు భయం. మావాళ్ళు నన్ను వదిలేసి ఇంకొకణ్ణి కూతకు పెట్టుకున్నారు. నేను గట్టు మీద కూర్చుని జోకులు వేయడం మొదలుపెట్టాను. వాటికి ఊపిరి ఎక్కువ అక్కర్లేదు.

చదువు ఎట్టాగో సాగింది. మాచర్లలో డిగ్రీ, కోతల్లేని రోజుల్లో. తర్వాత లా. ఇన్నేళ్ళలో సారు మీద నాకు ఒక్కనాడూ అనుమానం రాలేదు. వచ్చిందనుకోండి, దాన్ని బయటకు గెంటేశాను. ఎండ కళ్ళల్లో పడిందన్నాడు గదా, ఆ మధ్యాహ్నం ఎండ సారు వీపు వెనక ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. అయినా సున్నపు గీత మీద పడి మెరిసి ఉంటుంది అని ఆయన తరఫున నేనే వాదించాను. ఆట ఆపుదామనే చేతులు కట్టుకున్నాడు, నరసరావుపేటలో మన పద్ధతి ఎవరికీ తెలియక కొడుకు కూతకొచ్చేశాడు, విజిల్ ఊదక తప్పలేదు అన్నాను. బెనిఫిట్ ఆఫ్ డౌట్ ఇచ్చాను. ఫీజు తీసుకున్న ఏ క్లయింటు కోసమూ నేను అంత బాగా వాదించలేదు. బార్ అసోసియేషన్ టీ దగ్గర నిజాయితీపరుల సంగతి వస్తే, అది అక్కడ అరుదుగా వస్తుందనుకోండి, నేను చెప్పే మొదటి మనిషి మా డ్రిల్లు సారు.

పోయిన ఎండాకాలం సారు కొడుకు మా ఆఫీసుకొచ్చాడు. ఇప్పుడు పురుగుమందుల కొట్టు నడుపుతున్నాడు. జిల్లాకు ఆడాడు, గుంటూరులో ఆ సీటూ వచ్చింది, రెండో ఏడు మధ్యలో మానేశాడు. పొలం పక్కవాడు గట్టు జరిపాడట, దావా వేయాలట. కాయితాలు చూస్తుండగా టీ వచ్చింది. మనిషి మంచివాడే. నన్ను బావా అని పిలుస్తాడు, మా మధ్య ఏ చుట్టరికమూ లేకపోయినా.

"బావా, నువ్వు షటిల్లో గూడా చెయ్యెత్తుతావంటగా. ఊరంతా చెప్పుకుంటున్నారు," అని నవ్వాడు.

మీ నాన్న నేర్పిందే గదా అన్నాను.

"మీకు నేర్పాడు. నాకెప్పుడూ చెప్పలా. నేనే ఒకసారి అడిగా, నాకెందుకు నేర్పవు అని. అది ఆ ఊరి పిల్లలకిరా, అది లేకపోతే కొట్టుకు చస్తారు, నీకెందుకు అన్నాడు."

నేను కాయితాల్లో సర్వే నంబరు వెతుకుతున్నట్టు నటించాను. అతనికి హుషారొచ్చింది. పాత చిలిపి పని ఒకటి ఇద్దరం కలిసి చేసినట్టు, కుర్చీ ముందుకు జరుపుకుని చెప్పాడు. సెలెక్షన్ల రోజు మధ్యాహ్నం తండ్రీకొడుకులు ఇంట్లోనే అన్నం తిన్నారట.

"అన్నం కలుపుకుంటా చెప్పాడు బావా. వాడు నీకంటే ఆటగాడు, ఆటలో నువ్వు గెలవ్వు. వాడు నిన్ను ముట్టుకుంటే నువ్వు కదలమాక. వాడు ఆగి నా వంక చూస్తాడు. నేను చేతులు కట్టుకుంటా. అప్పుడు కూతకెళ్ళు. అచ్చం అట్టాగే జరిగింది. నాకే ఆశ్చర్యమేసింది."

"చేతులు కట్టుకుంటానన్నాడా?" అని అడిగాను.

"ఆఁ. కట్టుకుంటా అన్నాడు."

వృత్తిలో చాలా సాక్ష్యాలు విన్నాను. ఇంత సూటిగా, ఇంత నవ్వుతూ, క్రాస్ ఎగ్జామిన్ కూడా చేయనివ్వకుండా చెప్పిన సాక్షి నాకు తగల్లేదు. ఎండ, గీత మీద మెరుపు, పేట కుర్రాడి తెలియనితనం, నేనిన్నేళ్ళు కట్టిన కేసంతా ఆ రెండు చేతుల దగ్గర కూలిపోయింది. ఆయన చూడకుండా ఉండిపోయాడన్నా ఒక దారి. కొడుకు మీద ప్రేమతో ఆ క్షణంలో నోరు రాలేదన్నా ఇంకో దారి. అవేమీ కాదు, అన్నం దగ్గర కూర్చుని, సాయంత్రాలు ఒక్కణ్ణే ఉంచి నాకు నేర్పిందంతా, ఎక్కడ తలుపు తీసి ఉంటుందో దొంగకు చెప్పినట్టు చెప్పాడు. తర్వాత సోడా ఇప్పించాడు.

టీ మీద మీగడ కట్టింది. దావా వేస్తానన్నాను. ఫీజు దగ్గర మొహమాటపడలేదు. వెళ్తూ వెళ్తూ అతనన్నాడు, నాన్న రిటైరయ్యి మా దగ్గరే ఉంటున్నాడు, పొద్దున మీ షటిల్ కోర్టు వైపే వాకింగుకొస్తున్నాడు, కనపడితే పలకరించు, సంతోషిస్తాడు అని.

కనపడ్డాడు. ఆ వారంలోనే. తెల్ల టోపీ, చేతికర్ర. కోర్టు పక్కన సిమెంటు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి చెయ్యూపాడు. నేను తలూపాను. గేమ్ చివర్లో ఉన్నాం. నా పార్ట్‌నర్ ఆ బ్యాంకాయనే. ఇంకొక్క పాయింటొస్తే గెలుస్తాం, నాతో కలిసి ఆయన చాలారోజుల తర్వాత గెలవబోతున్నాడు. అవతలివాళ్ళు కొట్టిన కాక్ వెనక్కి పోతోంది, బయట పడుతుందని వదిలేశాను. పోతూ పోతూ అది నా చొక్కా భుజాన్ని తాకింది. ఈకంత తాకిడి. బయటే పడింది. అందరూ మా పాయింటనే అనుకున్నారు. బ్యాంకాయన అప్పుడే బ్యాటు పైకెత్తి గెలిచినట్టు ఊపుతున్నాడు.

ఆ ఒక్కసారి ఎత్తకూడదనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఆయన చూస్తుండగా, చెయ్యి కిందే ఉంచి, ఆయన వంక చూస్తూ నిలబడదామనుకున్నాను. భుజం మీద, సరిగ్గా ఆ భుజం మీదే, ఆ తాకిడి ఇంకా ఉంది.

చెయ్యి లేచింది. "తగిలింది," అన్నాను.

బ్యాంకాయన బ్యాటు దించేశాడు. తర్వాత రెండు పాయింట్లూ వాళ్ళవే. ఓడిపోయాం.

సిమెంటు బల్ల దగ్గర సారు పక్కనున్న ముసలివాళ్ళకు నన్ను చూపిస్తున్నాడు. నా చేతిలో తయారైనోడు, చూశారా, ఎవడూ చూడకపోయినా ఎత్తాడు అంటున్నాడు. ఆ ముఖంలో నిజంగా గర్వం ఉంది. అదే నాకు మింగుడుపడలేదు. దొంగ ముఖం పెట్టుకునుంటే నాకు సులువుగా ఉండేది.

తువ్వాలుతో ముఖం తుడుచుకుని ఆయన దగ్గరకు వెళ్ళాను. ముసలివాళ్ళు లేచి నడకకు పోయారు. పక్కన కూర్చున్నాను. మోకాళ్ళ నొప్పుల గురించి, మా నాన్న గురించి అడిగాడు. చెప్పాను. తర్వాత అన్నాను.

"సార్, మీ అబ్బాయి చెప్పాడు. సెలెక్షన్ల రోజు అన్నం దగ్గర మీరు చెప్పింది."

"ఏం చెప్పాడు?" అని ఆయన అడగలేదు. చేతికర్రను ఒక మోకాలి మీద నుంచి ఇంకో మోకాలి మీదకు మార్చుకున్నాడు. బుకాయిస్తాడనుకున్నాను, లేదా కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడనుకున్నాను. రెండింటికీ నా దగ్గర జవాబులున్నాయి.

"నువ్వు ఆగుతావని నాకు తెలుసు గాబట్టి చెప్పాన్రా," అన్నాడు. "ఇంకెవడి గురించీ నేను అంత గట్టిగా చెప్పుండను. నీ మీద నాకంత నమ్మకం."

మెచ్చుకున్నాడు. ఆయన లెక్కలో అది మెచ్చుకోలే. వెళ్ళొస్తా సార్ అని లేచాను. నా చేయి పట్టుకోబోయాడు. నా చేతిలో బ్యాటుంది.

తర్వాతి గేముకు మళ్ళీ చీటీలు తీశారు. బ్యాంకాయనకు మళ్ళీ నేనే వచ్చాను. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, బల్ల వైపు చూస్తూ, ఎవరు సార్ ఆ పెద్దాయన అని అడిగాడు.

నాకు ఆట నేర్పినాయన అన్నాను.

"మరి గెలవడం నేర్పలేదా ఏంది?"

"అది వాళ్ళింట్లో నేర్పాడు," అన్నాను. ఆయన జోకనుకుని నవ్వాడు. నేను కాక్ అందుకుని సర్వీసుకు నిలబడ్డాను. బల్ల మీద సారు ఇంకా ఉన్నాడు, చేతులు కట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ. నేను ఆగలేదు. సర్వీసు కొట్టేశాను.